పెద్ద సిటీలో తిరిగేటప్పుడు చుట్టూ ఓ కన్నేసి ఉంచడం ఎలా

ముందే చెప్పేస్తా, ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాస్తున్నది కాదు. పెద్ద సిటీల్లో రోజూ లక్షల మంది బయటికెళ్ళి ఏమీ కాకుండానే ఇంటికొచ్చేస్తారు, మీరూ అంతే. నా బాధ ఏంటంటే, బయల్దేరేటప్పుడు ఇంట్లో ప్రతి ఒక్కరూ "జాగ్రత్త" అంటారు, మనం "సరే" అంటాం, కానీ జాగ్రత్తగా ఉండటమంటే అసలు ఏం చేయాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

నా ఫోన్ పోయింది పట్టపగలు. బస్సు దిగి రెండడుగులు వేశా, ఏదో మెసేజ్ వచ్చిందని అక్కడే ఆగి తల వంచుకుని చదువుతున్నా, వెనక నుంచి బైక్ మీద వచ్చినవాళ్ళు లాక్కుని వెళ్ళిపోయారు. అర్ధరాత్రి కాదు, నిర్మానుష్యమైన రోడ్డూ కాదు, చుట్టూ బోలెడు మంది ఉన్నారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ రెండడుగుల గురించే ఆలోచించా, అప్పుడు అర్థమైంది, రోజంతా అలర్ట్‌గా ఉండక్కర్లేదు, అది ఎవరివల్లా కాదు కూడా. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారే క్షణాలుంటాయి చూడండి, బిల్డింగ్‌లోంచి రోడ్డు మీదకి, బస్సులోంచి ఫుట్‌పాత్ మీదకి, ప్లాట్‌ఫాం నుంచి రైల్లోకి, క్యాబ్‌లోకి, లిఫ్ట్‌లోకి, చివర్లో ఇంటి తలుపు దగ్గర. మనసు సగం వెనక సగం ముందు ఉండేది అప్పుడే, చేతిలో ఫోనో బ్యాగో తాళాలో ఉండేదీ అప్పుడే. ఆ క్షణాల్లో తల ఎత్తడం అలవాటైతే చాలా వరకు పని అయిపోయినట్టే. కింద రాసినవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

మొదట: ఏ మోడ్‌లో ఉండాలో తెలుసుకోండి

అమెరికన్ మెరైన్స్‌లో పనిచేసిన జెఫ్ కూపర్ అనే ఆయన మన అలర్ట్‌నెస్‌ని నాలుగు రంగులుగా చెప్పాడు. తెలుపంటే చుట్టూ ఏం జరుగుతోందో అసలు పట్టనట్టు ఉండటం. పసుపంటే రిలాక్స్‌గానే ఉంటూ చుట్టూ ఏముందో గమనిస్తూ ఉండటం. ఆరెంజ్ అంటే ఒక మనిషో ఒక విషయమో తేడాగా అనిపించి దాని మీదే కన్నుంచడం, వాడు ఇలా చేస్తే నేనిలా చేస్తా అని మనసులో అనుకుని ఉండటం. ఎరుపంటే ఆ అనుకున్నది చేసేయడం.

మనకి బయట కావాల్సింది పసుపు, అంతే. బండి నడిపేటప్పుడు ఎలా ఉంటారో గుర్తు తెచ్చుకోండి, పక్కవాళ్ళతో మాట్లాడుతూనే ఉంటారు, అయినా అద్దం చూస్తారు, ముందు బండి బ్రేక్ లైట్ చూస్తారు, దానికి భయం అని పేరు పెట్టం కదా. నడిచేటప్పుడు కూడా అలాగే. ఇంట్లో, నమ్మకమైన మనుషుల మధ్య తెలుపులోకి వెళ్ళిపోండి, అది కూడా అవసరమే, లేకపోతే అలసిపోతారు.

ఇంకో సంగతి, మనం "నేను చూస్తూనే ఉన్నా" అనుకుంటాం గానీ కళ్ళు తెరిచి ఉండటం వేరు, చూడటం వేరు. 1999లో సైమన్స్, షాబ్రీ అనే సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు, తెల్ల షర్టులవాళ్ళు బంతిని ఎన్నిసార్లు పాస్ చేసుకున్నారో లెక్కపెట్టమని ఒక వీడియో చూపిస్తే, మధ్యలో గొరిల్లా వేషంలో ఒక మనిషి నడిచొచ్చి గుండెలు బాదుకుని వెళ్ళినా చూసినవాళ్ళలో దాదాపు సగం మంది గమనించలేదు. లెక్కపెట్టడంలో మునిగితేనే అలా ఉంటే, ఫోన్‌లో చాట్ చేస్తూ నడిచేటప్పుడు మన పరిస్థితేంటో ఆలోచించండి.

బయల్దేరే ముందు ఓ పది నిమిషాలు

ఇది ఒక్కసారి చేసి పెట్టుకుంటే చాలు, రోజూ చేయక్కర్లేదు.

ఫోన్‌లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ (ఆపదలో సాయం కోసం కాల్ చేసే ఏర్పాటు) ఎలా పనిచేస్తుందో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ గబగబా 5 సార్లు నొక్కితే వస్తుంది, ఐఫోన్‌లో అయితే సైడ్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి పట్టుకోవాలి. మీ ఫోన్‌లో ఏదో చూసుకుని ఎమర్జెన్సీ కాంటాక్టులు పెట్టేయండి. చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది, ఫోన్ లాక్‌లో ఉన్నా ఆ కాల్ చేయొచ్చు. అయినా కొత్త దేశం వెళ్తే అక్కడి నంబర్ ఏదో ముందే చూసుకోండి, విమానం దిగాక వెతకడం కాదు.

*#06# డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ నంబర్, అంటే మీ ఫోన్ గుర్తింపు నంబర్ వస్తుంది, దాన్ని రాసి ఇంట్లో పెట్టండి, ఫోన్ పోయినప్పుడు కంప్లైంట్ ఇవ్వడానికీ బ్లాక్ చేయించడానికీ అదే అడుగుతారు. నేను రాసిపెట్టుకోలేదు, ఫోన్ పోయాక పాత బాక్స్ కోసం ఇల్లంతా వెతికా.

అలాగే ఫోన్ దొంగలకి ఇప్పుడు ఫోన్ కంటే పిన్ ముఖ్యం. పబ్లిక్‌లో మీరు పిన్ కొడుతుంటే వెనక నుంచి చూసి, ఆ తర్వాత ఫోన్ లాక్కుంటారు, అప్పుడు మీ బ్యాంక్ యాప్, ఈమెయిల్, ఫోటోలు అన్నీ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. అందుకని బయట వేలిముద్రో ఫేసో వాడండి, పిన్ కొట్టాల్సొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోండి. ఐఫోన్‌లో 2024 మొదట్లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ వచ్చింది, అది ఆన్ చేస్తే తెలియని చోట పిన్ ఒక్కదానితో పాస్‌వర్డ్‌లు మార్చడం కుదరదు. ఆండ్రాయిడ్‌లోనూ ఎవరైనా లాక్కుని పరిగెత్తితే ఆ కదలికని పట్టి స్క్రీన్ లాక్ అయిపోయే సెట్టింగ్ వచ్చింది. ఉందో లేదో చూసి ఆన్ చేసేయండి. ఫోన్ పిన్, బ్యాంక్ యాప్ పిన్ ఒకటే పెట్టకండి, దయచేసి.

రెండు ఫోన్ నంబర్లు నోటికి రావాలి, ఇంట్లోవాళ్ళది ఒకటి, స్నేహితులది ఒకటి. మన తరం అంతా కాంటాక్ట్ లిస్టు మీదే బతుకుతోంది, ఫోన్ చేతిలోంచి పోయాక పక్కవాళ్ళ ఫోన్ అడిగి తీసుకున్నా ఎవరికి చేయాలో తెలీదు. పిల్లలుంటే వాళ్ళకీ బట్టీ పట్టించండి, పాటలాగా పాడిస్తే వచ్చేస్తుంది.

రోడ్డు మీద అడుగు పెట్టగానే

తలుపు దాటి రోడ్డు మీదకొచ్చిన మొదటి పది సెకన్లు ఫోన్ జేబులో ఉండాలి. అంతే రూల్. అటు చూడండి, ఇటు చూడండి, తర్వాత కదలండి. మ్యాప్ చూడాలంటే లోపలే చూసుకుని రండి, దారిలో మర్చిపోతే గోడకి వీపు ఆనించి నిలబడి చూడండి, ఫుట్‌పాత్ మధ్యలో ఆగి కాదు, రోడ్డు అంచున అసలే కాదు. బైక్ మీద వచ్చి లాగేవాళ్ళకి కావాల్సింది రోడ్డు వైపు చేతిలో ఉన్న ఫోను, బ్యాగు. అందుకే బ్యాగ్ బిల్డింగుల వైపు భుజానికి వేసుకోండి, ఎదురుగా బళ్ళు వచ్చే వైపు నడవగలిగితే ఇంకా మంచిది, వెనక నుంచి వచ్చేవాళ్ళు తగ్గుతారు.

రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు, ఒకటి తీసేయండి. చూపు ముందుకి మాత్రమే వెళ్తుంది, వెనక ఏముందో చెప్పేది చెవులే.

ప్రతి చోటుకీ ఒక మామూలు తీరు ఉంటుంది. పొద్దున ఆఫీసులకి పరిగెత్తే రోడ్డు ఒకలా ఉంటుంది, రాత్రి అదే రోడ్డు ఇంకోలా ఉంటుంది. అందరూ కదులుతున్న చోట ఒక్కడు కదలకుండా మనుషుల్నే చూస్తున్నాడా, అందరూ నిలబడి ఎదురుచూస్తున్న చోట ఒకడు మాత్రం వాళ్ళ మధ్యలో అటూ ఇటూ తిరుగుతున్నాడా, మీరు ఆగితే ఆగి మీరు కదిలితే కదులుతున్నాడా. చూడాల్సింది ఆ తేడా. బట్టలు, రంగు, పేదరికం చూసి అనుమానపడటం తప్పు, పైగా దానివల్ల అసలు దొంగ కళ్ళముందే దాటిపోతాడు, ఎందుకంటే వాడు మీలాగే తయారై వస్తాడు. చేతులు ఎక్కడున్నాయి, చూపు ఎక్కడుంది, ఈ రెండూ గమనించండి చాలు.

జనంలో

జేబుదొంగలు చాలా వరకు ఒంటరిగా రారు. ఒకడు ముందు సడెన్‌గా ఆగుతాడు, వెనకవాడు తోస్తాడు, ఆ తోపులాటలో ఇంకొకడు తీస్తాడు, తీసింది క్షణంలో నాలుగోవాడి చేతికి వెళ్ళిపోతుంది, మీరు పట్టుకున్నా పట్టుకున్నవాడి దగ్గర ఏమీ ఉండదు. రైలు తలుపులు మూసుకునే ముందు క్షణం, ఎస్కలేటర్ చివర, బస్సు మెట్లు, ఇవి వాళ్ళకి ఇష్టమైన చోట్లు. మీ చొక్కా మీద ఏదో పడిందని ఎవరైనా తుడవడానికి వస్తే "పర్లేదు" అని బ్యాగ్ గట్టిగా పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోండి, ఎవరు వేశారో వాళ్ళే తుడవడానికి వస్తారు. ఇంకోటి, "జేబుదొంగలున్నారు జాగ్రత్త" అనే బోర్డు కనిపించగానే మన చెయ్యి దానంతటదే పర్సు ఉన్న జేబు మీదకి వెళ్తుంది, బోర్డు పక్కన నిలబడి చూసేవాడికి కావాల్సిన సమాచారం అదే. వెనక జేబులో పర్సు పెట్టడం ఇవాళే మానేయండి.

దొంగతనం కంటే నేను ఎక్కువ ఆలోచించేది జనం ఒత్తిడి గురించి. 2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇటేవాన్‌లో ఒక ఇరుకు సందులో 159 మంది చనిపోయారు, ఎక్కువమంది యువతీయువకులే. అలాంటి చోట ప్రాణం తీసేది ఎక్కువగా తొక్కడం కాదు, ఛాతీ మీద నాలుగు వైపుల నుంచి ఒత్తిడి పడి ఊపిరి తీసుకోవడం కుదరకపోవడం, నిలబడి ఉండగానే. ఒక చదరపు మీటరులో ఐదుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే. దాన్ని లెక్కపెట్టడం కష్టం కాబట్టి ఇలా చూసుకోండి: పక్కవాళ్ళు తగలకుండా చేతులు కదపగలుగుతున్నారా? కదపలేకపోతున్నారంటే ఇప్పుడే బయటికెళ్ళాలి, ప్రోగ్రాం ఎంత బావున్నా సరే. అల ఊగినట్టు జనం మొత్తం ఊగుతుంటే ఇంకా ఆలస్యం చేసినట్టే. అప్పటికే ఇరుక్కుపోతే రెండు చేతులూ బాక్సర్‌లాగా ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరి ఆడేంత జాగా కాపాడుకోవడానికి. తోపుకి ఎదురు తోయకండి, దానితో పోతూ, తోపు ఆగిన ప్రతిసారీ ఏటవాలుగా పక్కకి జరగండి. కింద పడిన వస్తువు కోసం వంగకండి, ఫోనైనా సరే. అరిచి ఊపిరి వృథా చేయకండి. గోడలకీ బారికేడ్లకీ ఆనుకుని ఉండొద్దు, ఒత్తిడి అక్కడే ఎక్కువ.

మూసి ఉన్న హాల్లోకి వెళ్తే కూర్చునే ముందు ఇంకో దారి ఎక్కడుందో చూడండి. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్ కాలిపోయినప్పుడు 100 మంది చనిపోయారు, వేరే తలుపులు ఉన్నా చాలామంది తాము లోపలికొచ్చిన ముందు తలుపు వైపే పరిగెత్తి అక్కడ ఇరుక్కుపోయారు. కంగారులో బుర్ర వచ్చిన దారినే వెతుక్కుంటుంది, కాబట్టి ఆ రెండో దారిని ప్రశాంతంగా ఉన్నప్పుడే దానికి చూపించి పెట్టాలి.

క్యాబ్ ఎక్కేటప్పుడు

తలుపు తీయకముందే నంబర్ ప్లేట్ చూడండి. "ఫలానా పేరు మీద వచ్చారా?" అని మీ పేరు మీరే చెప్పకండి, "ఎవరి కోసం వచ్చారండీ?" అని అడగండి, వాళ్ళు చెప్పాలి. వెనక డోర్ తెరిచినప్పుడు దాని అంచు మీద చిన్న మీటలాంటిది ఉంటుంది, అదే చైల్డ్ లాక్, అది వేసి ఉంటే లోపల నుంచి డోర్ తెరుచుకోదు. అనుమానంగా ఉంటే అది చూసుకుని మరీ కూర్చోండి. డ్రైవర్ వెనక కాకుండా అవతలి వైపు కూర్చుంటే ఆయన చేతులూ కనిపిస్తాయి, దిగేదీ ఫుట్‌పాత్ వైపే అవుతుంది. ట్రిప్ షేర్ చేయండి, లేదంటే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టండి, అందులో 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని ఉంటుంది, రాత్రి పూట 8 గంటలదే పెట్టేయండి. ఎవరికి పంపించారో ఆ మనిషి మేలుకుని ఉంటారో లేదో కూడా చూసుకోండి, నిద్రపోయేవాళ్ళకి పంపి లాభం లేదు.

ఎవరో వెంట వస్తున్నట్టు అనిపిస్తే

ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే చాలామంది "ఛ, నేనే ఊరికే ఊహించుకుంటున్నానేమో" అనుకుని ఆగిపోయేది ఇక్కడే.

ముందు తేల్చుకోండి. రోడ్డు దాటి అవతలి వైపు వెళ్ళండి, కాసేపటికి మళ్ళీ ఇవతలికి రండి, రెండుసార్లూ ఆ మనిషి దాటితే అది యాదృచ్ఛికం కాదు. వేగం తగ్గించి చూడండి, షాపు అద్దంలో చూడండి. తిన్నగా తిరిగి ఒకసారి ముఖం చూడటం కూడా తప్పు కాదు, చాలామంది గుర్తుపట్టారని తెలియగానే వెనక్కి తగ్గుతారు. కార్లో ఉంటే ఒకే వైపుకి నాలుగు మలుపులు తిరగండి, దారిన పోయేవాళ్ళెవరూ మీతోపాటు గుండ్రంగా తిరిగి అక్కడికే రారు.

తేలాక ఒక్కటే, ఇంటికి వెళ్ళకండి. ఇల్లెక్కడో చూపించినట్టవుతుంది. వెలుతురూ మనుషులూ ఉన్న చోటికి, తెరిచి ఉన్న షాపు, హోటల్ రిసెప్షన్, హాస్పిటల్, పోలీస్ స్టేషన్, ఏది దగ్గరైతే దాంట్లోకి వెళ్ళి కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళతో "ఒకతను నా వెనక వస్తున్నాడు, కాసేపు ఇక్కడుంటానండీ" అని పైకి చెప్పండి. మొహమాటం వద్దు. మొహమాటమే మనల్ని ఎక్కువగా ముంచేది. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే లోపల ఉన్న మనిషిని చూసి మనసు వద్దంటే ఎక్కకండి, ఏమనుకుంటారో అని ఎక్కేస్తాం మనం, "ఏదో మర్చిపోయా" అని వెనక్కి తిరగండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఎక్కాల్సొస్తే బటన్ల పక్కన నిలబడండి.

పరిస్థితి చెయ్యి దాటితే గట్టిగా అరవండి, కానీ గుంపుని చూసి "ఎవరైనా కాపాడండి" అంటే ఎవరో ఒకరు చేస్తారులే అని అందరూ అనుకుంటారు. 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు, పక్క గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించినప్పుడు, అది విన్నది తానొక్కడే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగకముందే సాయానికి కదిలారు, ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో 31 శాతమే. కాబట్టి వేలు పెట్టి ఒక్కరినే చూపించి, "నీలం చొక్కా అన్నా, మీరే, పోలీసులకి ఫోన్ చేయండి" అనండి. అలా పిలిస్తే తప్పించుకోవడం కష్టం. రేపు వేరేవాళ్ళు ఇబ్బందిలో కనిపిస్తే మీరు కూడా అలాగే చేయొచ్చు, ఏడిపించేవాడితో గొడవ పడక్కర్లేదు, ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి "అక్కా, ఇక్కడున్నారా, అందరం వెతుకుతున్నాం" అని పాత పరిచయంలా మాట్లాడితే సగం కేసులు అక్కడే చల్లారిపోతాయని నా నమ్మకం.

కత్తి చూపించి ఇమ్మంటే ఇచ్చేయండి. పర్సు, ఫోన్, గొలుసు ఏదైనా. నెమ్మదిగా, చేతులు కనిపించేలా, "జేబులో ఉంది, తీస్తున్నా" అని చెప్పి మరీ తీయండి. ఆ తర్వాత వెంటపడకండి. నేను ఆ రోజు బైక్ వెనక కొంత దూరం పరిగెత్తా, ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళు ఆగి ఉంటే నేనేం చేసేదాన్ని అని వణుకొస్తుంది. కానీ మిమ్మల్ని బండెక్కమంటే, వేరే చోటికి రమ్మంటే మాత్రం అది వేరే లెక్క, వెళ్ళకండి, అరవండి, పరిగెత్తండి, నలుగురూ ఉన్న చోటే మీకు సాయం దొరుకుతుంది.

ఇంటి తలుపు దగ్గర

ఇక్కడికొచ్చేసరికి అందరం ఊపిరి వదిలేస్తాం, చేరిపోయాం కదా అని. తాళాల కోసం బ్యాగ్ మొత్తం తలుపు ముందు నిలబడి వెతకకండి, రెండు మలుపుల ముందే చేతిలోకి తీసుకోండి. గేటు తీసేముందు ఒక్కసారి వెనక్కి చూడండి. అపార్ట్‌మెంట్ అయితే మీ వెనకే దూరి వచ్చే తెలియని మనిషి కోసం తలుపు పట్టుకోకండి.

లోపలికెళ్ళి తలుపు వేశాక "చేరాను" అని మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్ రాకపోతే అవతలివాళ్ళు ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉండాలి, ఇది చాలామంది చేయరు. మా ఇంట్లో ఇలా పెట్టుకున్నాం: చెప్పిన టైం దాటి అరగంట అయితే రెండుసార్లు కాల్, ఎత్తకపోతే లైవ్ లొకేషన్ చూడటం, నాతో ఉన్న స్నేహితురాలికి కాల్, ఆమె కూడా ఎత్తకపోతే ఇంక ఆగకుండా 112.